అటక మీది ఆఖరి గుమ్మడికాయ

మా అత్తమ్మది చంద్రగిరి పక్కన పల్లె. పెరట్లో కాసిన తీపి గుమ్మడికాయల్ని తొడిమ ఊడకుండా కోసి, నాలుగు రోజులు ఎండ చూపించి, అటక మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చేది. తొడిమ ఊడిన కాయ ముందు వండేయాలి. మంచివి సంక్రాంతి దాటి ఎండాకాలం దాకా ఉండేవి. "నిలవుండేకొద్దీ తీపెక్కుతాదమ్మా" అనేది.

ఇంతగా మనదైపోయిన ఈ కాయ అసలు మన దేశానిదే కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ అక్కడ అడుగుపెట్టాకే మిగతా ప్రపంచానికి తెలిసింది. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాక, పోర్చుగీసు ఓడల రాకపోకలతో మిరపకాయలాగే ఇదీ మనదాకా వచ్చిందంటారు. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, ఆపైన మా చంద్రగిరికి మారింది. మన వంటిళ్ళలోకి కొత్త కాయలు వచ్చి చేరుతున్న కాలం కూడా దాదాపు అదే.

మరి అంతకుముందు గుమ్మడి అంటే? బూడిదగుమ్మడే. సంస్కృతంలో కూష్మాండం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడనే సామెత చూడండి. భుజాన మోస్తే తెల్లటి పొడి అంటేది బూడిదగుమ్మడికే కదా! కొత్తగా వచ్చిన కాయ, కోడలు ఇంటిపేరు తీసుకున్నట్టు, పాతదాని పేరు తీసుకుంది.

పేరుతోపాటు ఆచారమూ వచ్చిందనుకుంటా. జంతుబలికి బదులు బూడిదగుమ్మడిని కొట్టడం మనకుంది. అందుకేనేమో, ఆడవాళ్ళు గుమ్మడికాయకి మొదటి కత్తి పెట్టకూడదని తీపి గుమ్మడికీ అంటగట్టారు. అత్తమ్మ ఆ మాట ఒక్కనాడూ దాటలేదు. కాయ కొయ్యడానికి మామయ్య పొలం నుంచి వచ్చేదాకా కూర ఆగేది.

పోయిన కార్తీకంలో అత్తమ్మ పోయింది. అటక మీద ఒక్క కాయ మిగిలింది. "అమ్మ పెట్టింది, ఉండనీలే" అన్నారు మావారు. చైత్రంలో చూస్తే అడుగున మెత్తబడుతోంది. ఆయన ఊళ్ళో లేరు. రెండు రోజులాగితే గింజలూ పోతాయి. అత్తమ్మ ఫొటో వైపు చూసి, నేనే కత్తి పెట్టాను.

పాడైంది తీసేయగా మిగిలిన ముక్కలు బెల్లమేసి పులుసు పెట్టాను. గింజలు బూడిదలో కలిపి ఆరబెట్టి, సగం ఆడపడుచుకిచ్చాను. ఆయన వచ్చి పులుసు తిని, ఎవరు కోశారని అడగలేదు. "గింజలు దాచావా?" అని మాత్రం అడిగారు.

మీ ఇళ్ళల్లో మొదటి కత్తి ఎవరు పెడతారు?