సారా కొట్టు మూశాక

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఊపు ఊరూరా పాకి సారా వేలంపాటలనే అడ్డుకుంది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. ఈ చరిత్రను మనం మద్యం మీద మహిళల గెలుపుగా చదువుకుంటాం. అదొక్కటే కాదు, ఇళ్లలో దెబ్బలు ఆపడానికి తెలుగు నేల మీద జరిగిన అతిపెద్ద ప్రయత్నం కూడా అదే. ఆ ప్రయత్నంలో కొట్టే మగవాడికి చెప్పింది మాత్రం చాలా తక్కువ.

ఉద్యమానికి బీజం పడింది అక్షరాస్యతా కార్యక్రమంలో. వయోజనుల వాచకంలోని సీతమ్మ కథలో ఉన్నది తాగుబోతు మొగుడి వల్ల నలిగే ఇల్లాలు. పగలంతా పొలంలో నడుం వంచి, రాత్రి పలక పట్టుకున్న ఆడవాళ్లు ఆ పాఠంలో తమ ఇంటినే చూసుకున్నారు. అయితే రాత్రి బడికి వచ్చిందీ ఎక్కువగా ఆడవాళ్లే. పాఠం ఎవరి నడవడి గురించో ఆ మగవాళ్లలో చాలామంది ఆ వేళకు కొట్టు దగ్గరే ఉన్నారు. వాళ్లకు ఉద్యమం అందింది మూసిన తలుపుగానే.

తాగుడు పోతే తన్నులూ పోతాయి కదా, వేరే పాఠం ఎందుకని అడగవచ్చు. తాగుడుకూ హింసకూ ఉన్న ముడి నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తరచూ తాగి తూలే భర్తలున్న మహిళల్లో 70 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. అసలు తాగని భర్తల ఇళ్లలోనూ 23 శాతం మందికి ఆ గతి తప్పలేదు. అదే సర్వేలో, ఏదో ఒక కారణం ఉంటే భార్యను కొట్టడం సబబేనని ఆంధ్రప్రదేశ్‌లో 66.5 శాతం, తెలంగాణలో 70.8 శాతం మగవాళ్లు ఒప్పుకున్నారు. ఈ రెండు రాష్ట్రాల్లో అలా చెప్పిన మహిళలు 83 శాతం పైనే. సారా చేతికి తెగింపు ఇస్తుంది, కొట్టే హక్కు ఉందన్న నమ్మకం మాత్రం ఇంట్లోనే పుడుతుంది. కొట్టుకు తాళం వేసినా దానికి తాళం పడదు.

ఆ నమ్మకం కదలాలంటే మగవాళ్లతోనే మాట్లాడాలి. అయితే వాళ్లను కలుపుకుంటే వేదికా నిధులూ వాళ్ల పాలవుతాయన్న భయం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. సంఘసంస్కరణల కాలం నుంచీ ఆడవాళ్ల బాధను మగవాళ్లే మాట్లాడి పేరు తెచ్చుకున్న ఉదాహరణలు మనకున్నాయి. కానీ మగవాళ్లతో మాట్లాడటం వేరు, మగవాళ్లకు పెత్తనం అప్పగించడం వేరు. సారా నిషేధం వచ్చిన 1993లోనే ముంబైలో కొందరు మగవాళ్లు ‘మావా’ అనే సంస్థ పెట్టుకుని, భార్యల మీద చెయ్యి చేసుకోవడం తప్పని సాటి మగవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. ఆడవాళ్ల తరఫున మాట్లాడటం కంటే తోటివాడిని నిలదీయడమే వాళ్లు ఎంచుకున్న పని. మన దగ్గర ఆ పని ఊళ్ల స్థాయికి రాలేదు. దూబగుంట ఆడవాళ్లు తమ వంతు చేశారు. మిగిలిన పని, షరతులు ఆడవాళ్లవిగా ఉంచి, మగవాళ్ల మధ్య జరగాల్సింది. వాళ్లకోసం కూడా రాత్రి బడి తెరవకుండా తాళాల మీదే ఆధారపడితే, నిషేధం సడలిన ప్రతిసారీ ఆడవాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.