దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్

దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ నగర్ (ఎల్.బి.నగర్) హైదరాబాదు నగరములో తూర్పు దిక్కున, మూసీ నదికి దక్షిణముగా, విజయవాడ జాతీయ రహదారి వెంట ఒకదానినొకటి ఆనుకొని ఉన్న నివాస, వాణిజ్య ప్రాంతములు. మలక్‌పేట దాటిన తరువాత మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరుసగా వచ్చును. ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలగుచున్నదో కొత్తవారికి తెలియదు, పాతవారు కూడా ఖచ్చితముగా చెప్పలేరు. నల్గొండ, ఖమ్మం జిల్లాల నుండియు, కోస్తా ఆంధ్ర నుండియు బస్సులో వచ్చువారికి హైదరాబాదు మొదలయ్యేది ఇక్కడే. ఈ ప్రాంతపు చరిత్ర చాలావరకు ఆ రహదారి చరిత్రయే. ఒకప్పుడు ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం వేర్వేరు పురపాలక సంఘములు. 2007లో ఇవి మహానగరములో కలిసిపోయినవి.

పేరు వెనుక

దిల్‌సుఖ్‌నగర్ అను పేరు ఈ భూములకు యజమానిగా ఉన్న దిల్‌సుఖ్ రాం పర్షాద్ పేరు మీద వచ్చినది. ఆయన మలక్‌పేటకు ఆవల ఉన్న తన వ్యవసాయ భూమిని ఇండ్ల స్థలములుగా విభజించి, ఆ కాలనీకి ఈ పేరు పెట్టెను. "మనసుకు సుఖమునిచ్చు నగరము" అన్న అర్థము ఆ తరువాత జనము చెప్పుకొన్నది మాత్రమే. ఎల్.బి.నగర్‌కు మాజీ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టబడినది. వ్యవహారములో పూర్తి పేరు దాదాపు వినపడదు. బస్సు బోర్డు మీద, న్యాయస్థానపు చిరునామాలో, మెట్రో స్టేషనులో అన్నిచోట్లా ఎల్.బి.నగరే.

చుట్టుపక్కల పేర్లు ఇంకా పాతవి. రెండవ నిజాము కొలువులో ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను స్థానికులు మూసా రాము అని, మూసా రహీం అని పిలుచుకొనేవారు. మూసారాంబాగ్ అను పేరు ఆయన వలన వచ్చినదే. ఆయన సమాధి దగ్గరలోని ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్నది. సరూర్‌నగర్‌కు అదే నిజాము దివాను అరస్తూ జా భార్య సరూర్ అఫ్జా బాయి పేరు, హయత్‌నగర్‌కు గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం పేరు నిలిచినవి.

చరిత్ర

ఈ ప్రాంతము కొత్తది అని అనుకొనేవారు చైతన్యపురిలోని ఫణిగిరి గుట్టను చూడవలెను. మూసీ ఒడ్డున ఉన్న ఈ గుట్ట బండ మీద విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలమునకు చెందిన ప్రాకృత శాసనము ఉన్నది. బ్రాహ్మీ లిపిలోని ఈ శాసనము సుమారు 5వ శతాబ్దమునకు చెందినది. ఇందులో గోవిందరాజ విహారము అను బౌద్ధ విహారము ప్రస్తావన కలదు. హైదరాబాదు నగర పరిధిలో ఇంతవరకు దొరికిన శాసనములలో ఇదే అతి ప్రాచీనమైనదిగా పరిగణించబడుచున్నది. అనగా చార్మినారు కట్టుటకు వెయ్యి సంవత్సరములకు పైగా ముందే ఇక్కడ భిక్షువులు నివసించిరి. నేడు ఆ గుట్టపై నరసింహస్వామి ఆలయము, చుట్టూ కాలనీలు ఉన్నవి. కర్మన్‌ఘాట్ హనుమంతుని ఆలయమును కాకతీయుల కాలమునకు చెందినదిగా స్థలపురాణము చెప్పును.

కుతుబ్‌షాహీల కాలములో గోల్కొండ నుండి మచిలీపట్నము రేవుకు పోవు బాట ఈ దిక్కుగానే సాగినది. హయత్‌నగర్‌లో 17వ శతాబ్దములో కట్టిన మసీదు, బాటసారులకు సరాయి, హాథీ బావి అని పిలువబడు పెద్ద దిగుడుబావి ఆ రాకపోకలకు గుర్తులు. ఆసఫ్‌జాహీల కాలమునకు ఇది వేట మైదానము, తోటలు, చెరువుల ప్రాంతమైనది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో విక్టోరియా మహారాణి జ్ఞాపకార్థము సరూర్‌నగర్‌లో ఏర్పడిన అనాథ బాలల ఆశ్రమము, విక్టోరియా మెమోరియల్ హోం అను పేరుతో నిలిచినది. ఒక మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే ఉన్నది.

1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు నగరపు అంచున ఉన్న ఈ గ్రామములు ఆ జిల్లాలో చేరినవి. మలక్‌పేట వైపు భాగము మాత్రము హైదరాబాదు జిల్లాలోనే ఉండిపోయినది. అందువలన దిల్‌సుఖ్‌నగర్ అని అందరూ పిలిచే ఒకే బజారు రెండు జిల్లాల మధ్య, వేర్వేరు పురపాలక సంస్థల మధ్య చాలాకాలము చీలి ఉన్నది. 1991 జనగణనలో సుమారు లక్షన్నర ఉన్న ఎల్.బి.నగర్ పురపాలక సంఘపు జనాభా 2001 నాటికి 2.6 లక్షలు దాటినది. 2007 ఏప్రిల్ 16న ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం సహా 12 పురపాలక సంఘములు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమై గ్రేటర్ హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఏర్పడినది.

వలస, శిక్షణా కేంద్రములు

సనత్‌నగర్, ఉప్పల్, నాచారం వలె ఇక్కడ పెద్ద కర్మాగారములు రాలేదు. వనస్థలిపురము సమీపములోని ఆటోనగర్ ఒక్కటే పారిశ్రామికవాడ అని చెప్పదగినది. లారీల మరమ్మత్తు, బాడీ కట్టుట, విడిభాగముల అమ్మకము అక్కడి పని. అది కూడా రహదారి తెచ్చిన పనియే.

కర్మాగారముల స్థానములో దిల్‌సుఖ్‌నగర్‌ను పోషించినది చదువు. 1990లలోను, ఆ తరువాతను ఇది కంప్యూటరు కోర్సులకు, ఉద్యోగ పోటీ పరీక్షల శిక్షణకు అమీర్‌పేట తరువాత చెప్పుకొనదగిన కేంద్రమైనది. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు కానిస్టేబులు, బ్యాంకు పరీక్షలకు చదువు యువకులు జిల్లాల నుండి వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో, నలుగురైదుగురు కలిసి తీసుకొన్న గదులలో ఉందురు. వీరిని నమ్ముకొని మెస్సులు, జిరాక్సు కొట్లు, పాత పుస్తకముల అంగళ్ళు, టిఫిన్ సెంటర్లు నడుచును. నోటిఫికేషను పడిన సంవత్సరము గదుల అద్దె పెరుగును, పడని సంవత్సరము హాస్టళ్ళు ఖాళీ అగును. కర్మాగారము మూతపడినప్పుడు పారిశ్రామిక పట్టణము ఎట్లుండునో, నియామకములు నిలిచిపోయినప్పుడు ఈ వీధులు అట్లుండును.

ఇక్కడ స్థిరపడిన మధ్యతరగతి కుటుంబములలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు. స్వగ్రామము నుండి బస్సు దిగిన దిక్కుననే స్థలము కొనుట హైదరాబాదులో చాలాచోట్ల కనిపించు అలవాటు. ఆ అలవాటు ప్రకారము నల్గొండ జిల్లావారికి ఎల్.బి.నగర్, వనస్థలిపురము, హయత్‌నగర్ సొంత ప్రాంతములైనవి. అయితే కొన్న స్థలములన్నిటికీ హక్కులు తేలలేదు. బి.ఎన్.రెడ్డి నగర్ మొదలగు కాలనీలలో రిజిస్ట్రేషనులు సంవత్సరముల తరబడి ఆగిపోయి, ఇల్లు ఉండి కూడా అమ్ముకొనలేని స్థితి ఏర్పడినది. దీనిని పరిష్కరించుటకు ప్రభుత్వము 2022లో జీవో 118 జారీచేసినది.

పండ్ల మార్కెట్

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986లో మొజంజాహీ మార్కెట్ ప్రాంతము నుండి ఇక్కడకు వచ్చినది. సుమారు 22 ఎకరములలో ఉన్న ఈ మార్కెట్‌కు నల్గొండ బత్తాయి, ఎండాకాలములో మామిడి, పుచ్చకాయలు లారీలలో వచ్చేవి. మామిడి రోజులలో రహదారి అర్ధరాత్రి కూడా నిండిపోయేది. కమీషను ఏజెంట్లు, హమాలీలు, గంపలు అల్లువారు, గడ్డి అమ్మువారు, తోపుడుబండ్లవారు అందరూ దానిమీద ఆధారపడి జీవించిరి. వచ్చినప్పుడు అది ఊరి చివర. ముప్పది సంవత్సరములలో నగరము దానిని చుట్టుముట్టి దాటిపోయినది.

మార్కెట్‌ను శాశ్వతముగా కోహెడకు మార్చవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. 2020 మేలో గాలివానకు అక్కడ వేసిన తాత్కాలిక షెడ్లు కూలిపోయినవి. 2021లో మార్కెట్‌ను విజయవాడ రహదారి మీదనే ఉన్న బాటసింగారమునకు తరలించిరి. వ్యాపారులు హైకోర్టును ఆశ్రయించిరి. 2022 మార్చిలో పాత కట్టడములు తొలగించబడినవి. ఏప్రిల్ 26న అదే స్థలములో టిమ్స్ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. తూర్పు హైదరాబాదుకు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అవసరము చిరకాలముగా ఉన్నదే. కాని దగ్గరలో ఇల్లు తీసుకొని తెల్లవారుజామున పనికి నడిచిపోయిన హమాలీకి బాటసింగారము దూరమే.

చెరువులు, వరదలు

సరూర్‌నగర్ చెరువు 1626లో త్రవ్వబడినదని చెప్పుదురు. ఎగువన మీర్‌పేట, బైరామల్‌గూడ వైపు చెరువులు నిండి, ఒకదాని అలుగు నీరు మరొకదానికి చేరి, సరూర్‌నగర్ మీదుగా మూసీలో కలియుట పాత ఏర్పాటు. పొలములు ప్లాట్లుగా మారినప్పుడు ఈ కాలువలు కుంచించుకొనిపోయినవి, కొన్నిచోట్ల వాటిపైననే వీధులు పడినవి. నీరు మాత్రము పాత దారిని మరువలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు సరూర్‌నగర్, చైతన్యపురి, హయత్‌నగర్ పరిసరములలోని అనేక కాలనీలు మునిగినవి. కోదండరాం నగర్ వంటి పల్లపు కాలనీలలో ఇండ్ల క్రింది అంతస్తులు నీటిలో ఉండిపోయినవి. కాలనీలలో నిలిచినది వాన నీరు మాత్రమే కాదు, డ్రైనేజీ కలిసిన నీరు. సరూర్‌నగర్ చెరువు తూర్పు హైదరాబాదులో వినాయక నిమజ్జనమునకు ముఖ్యమైన చోటు కూడా.

మూసీ వైపు సమస్య వేరు. ఎగువ జలాశయముల గేట్లు ఎత్తినప్పుడు మూసారాంబాగ్ వద్ద పాత లోలెవల్ వంతెన మునిగి రాకపోకలు ఆగిపోయేవి. 2022 జూలైలో అట్లే జరిగినది. 2024 సెప్టెంబరులో మూసీ అభివృద్ధి పథకము కొరకు నదీగర్భములోని ఇండ్లను గుర్తించు పని మొదలైనప్పుడు చైతన్యపురి పరిసరముల నివాసులు నిరసన తెలిపిరి. తమవద్ద అనుమతి పత్రములు, పన్ను రసీదులు ఉన్నవనుట వారి వాదన.

బాంబు ప్రేలుళ్ళు

జనసమ్మర్దమే ఈ ప్రాంతమునకు ప్రాణము. అదే మూడుసార్లు ప్రమాదకారణమైనది. 2002 నవంబరు 21న సాయిబాబా ఆలయము వెలుపల స్కూటరులో అమర్చిన బాంబు ప్రేలి ఇద్దరు మరణించిరి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, కోఠీ గోకుల్ ఛాట్ ప్రేలుళ్ళు జరిగిన రాత్రి, దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెన వద్ద ప్రేలని బాంబు దొరుకగా దానిని నిర్వీర్యము చేసిరి.

2013 ఫిబ్రవరి 21, గురువారము సాయంత్రము 7 గంటల ప్రాంతములో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల పరిసరములలో నిమిషముల తేడాతో రెండు బాంబులు ప్రేలినవి. రెండును సైకిళ్ళకు కట్టినవి. ఒకటి 107 నంబరు బస్టాపు వద్ద, రెండవది మిర్చి బజ్జీల దుకాణము దగ్గర. అది విద్యార్థులు తరగతులు ముగించుకొని బస్సు కొరకు, టిఫిను కొరకు నిలుచు వేళ. ఒక గర్భస్థ శిశువుతో కలిపి 18 మంది మరణించిరి, వందమందికి పైగా గాయపడిరి. మృతులలో ఉద్యోగము కొరకు చదువుచున్న యువకులు ఉన్నారు. జాతీయ దర్యాప్తు సంస్థ ఇండియన్ ముజాహిదీన్ సంస్థ సభ్యులపై అభియోగములు మోపినది. 2016 డిసెంబరు 19న ప్రత్యేక న్యాయస్థానము యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి మరణశిక్ష విధించినది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న ఆ శిక్షను ధ్రువీకరించినది. ప్రేలుడుకు, హైకోర్టు తీర్పుకు మధ్య పన్నెండు సంవత్సరములు గడిచినవి. బజారు మాత్రము కొద్ది రోజులలోనే తెరచుకొన్నది.

ఉద్యమములు, రాజకీయములు

తెలంగాణ ఉద్యమ చరిత్రలో ఎల్.బి.నగర్ చౌరస్తాకు ప్రత్యేక స్థానమున్నది. 2009 నవంబరు 29న నల్గొండ జిల్లాకు చెందిన విద్యార్థి కాసోజు శ్రీకాంతాచారి ఇక్కడ ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న మరణించెను. చౌరస్తాలో ఆయన విగ్రహము ఉన్నది. 2019 ఆర్టీసీ సమ్మెలో కార్మికుల సకల జనుల సమరభేరి సభ అక్టోబరు 30న సరూర్‌నగర్ స్టేడియములో జరిగినది.

ఎల్.బి.నగర్ శాసనసభ నియోజకవర్గము నియోజకవర్గముల పునర్విభజనలో ఏర్పడి 2009లో మొదటి ఎన్నికను చూసినది. అంతకుముందు ఈ ప్రాంతము మలక్‌పేట నియోజకవర్గములో ఉండెను. 2009, 2018, 2023లలో డి.సుధీర్ రెడ్డి, 2014లో ఆర్.కృష్ణయ్య ఎన్నికైరి.

రవాణా

పూణే - మచిలీపట్నం జాతీయ రహదారి (పూర్వము 9వ నంబరు, ఇప్పుడు 65) ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఇన్నర్ రింగు రోడ్డును దాటును. దగ్గరలోనే నాగార్జునసాగర్ రోడ్డు చీలును. సంక్రాంతి ముందు రోజులలో కోస్తా జిల్లాలకు పోవువారు బస్సుల కొరకు ఇక్కడ గంటల తరబడి నిలుచుట ప్రతి సంవత్సరము కనబడు దృశ్యము. ఈ రద్దీని తగ్గించుటకు కామినేని కూడలి, చింతలకుంట, బైరామల్‌గూడ, ఎల్.బి.నగర్‌లలో వంతెనలు, అండర్‌పాసులు దశలవారీగా కట్టబడినవి.

మెట్రో రైలు అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మార్గము 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. దీనితో మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వరకు 27 స్టేషన్ల ఎర్ర లైను పూర్తియైనది. రెండవ దశలో ఎల్.బి.నగర్ నుండి హయత్‌నగర్ వరకు, నాగోలు నుండి ఎల్.బి.నగర్ మీదుగా విమానాశ్రయము వరకు మార్గములు ప్రతిపాదించబడినవి.

చూడదగినవి

వనస్థలిపురములోని మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనము సుమారు 14.6 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము కలది. నిజాముల వేట మైదానమైన ఈ అడవి 1975లో కృష్ణజింకల రక్షణ కొరకు కేటాయించబడినది. ఉద్యానవనపు కంచెకు ఒకవైపు లారీల ఆటోనగర్, మరొకవైపు కాలనీలు ఉన్నను, లోపల జింకల మందలు ఇప్పటికీ కనబడును.