యానాం ఓటరు: 1871 నుండి 1964 వరకు

గౌతమీతీరమందలి యానాం తెలుగువారికి ఓటుహక్కు పొరుగుననున్న కాకినాడ తెలుగువారికంటె ఎంతో ముందుగా లభించినది. 1871 నుండి ఫ్రెంచి భారత స్థావరములు పారిస్ శాసనసభకు ఒక ప్రతినిధిని పంపుచుండెను. ఆ ఎన్నికలో వయోజన పురుషులు ఆస్తి, చదువులతో నిమిత్తము లేకుండ పాల్గొనుచుండిరి. బ్రిటిషు ఏలుబడిలోని కాకినాడయందు 1937 నాటికిని ఓటునకు ఆస్తి, పన్ను, విద్య వంటి అర్హతలు కావలసియుండెను. అచ్చటి సామాన్యుని చేతికి ఓటు వచ్చినది 1952 లోనే.

ఈ ఒక్క విషయమును పట్టుకొని యానాంలో ప్రజాస్వామ్యము ముందే వేరూనెనని చెప్పుట తొందరపాటు. 1884 లో స్థానిక సభల ఎన్నికలకు ఓటర్లను మూడు జాబితాలుగా విడదీసిరి: ఐరోపావారు, రెనోన్సాలు (అనగా 1881 శాసనము ననుసరించి కులాచార ధర్మమును విడిచి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించినవారు), తక్కిన భారతీయులు. ఐరోపావారు వందలలోను, భారతీయులు వేలలోను ఉన్నను స్థానములు జనసంఖ్యను బట్టి పంచబడలేదు. పుదుచ్చేరి ఎన్నికలలో దొంగ ఓట్లు, దౌర్జన్యములు మామూలయ్యెను. కావున ఆనాటి ఓట్ల లెక్కలు ముఠానాయకుల బలమును తెలుపునే కాని జనాభిప్రాయమును తెలుపవు.

స్థావరముల భవిష్యత్తును ప్రజలే నిర్ణయింతురని 1948 లో ఫ్రాన్సు అంగీకరించెను. 1949 జూన్ 19 న చంద్రనగరమున ప్రజలే ఓటు వేసిరి. విలీనమునకు ఏడువేలకు పైగా, వ్యతిరేకముగా 114. యానాం ప్రజలకు ఆ అవకాశము రాలేదు. 1954 జూన్ 13 న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున యానాం విముక్తమయ్యెను. అక్టోబరు 18 న కీళూరులో 178 మంది ప్రతినిధులు ఓటు వేయగా 170 మంది విలీనమును కోరిరి, 8 మంది కాదనిరి. వీరు ఎన్నికైనవారే, అయినను గ్రామములోని జాలరిని, నేతవానిని ఎవ్వరును అడుగలేదు.

ఒక్కొక్క మనిషిని విడిగా అడిగిన సందర్భము మాత్రము 1962 లో వచ్చినది. ఆగస్టు 16 న ఒప్పందము అమలులోనికి రాగా, ఫ్రెంచి పౌరసత్వమును కోరువారు ఆరు నెలలలో లిఖితపూర్వకముగా తెలుపవలసియుండెను. తెలుపనివారు భారతపౌరులైరి. ఆ మౌనమునందు ఎంత సమ్మతియో, ఎంత తెలియమియో తూచుటకు ఓట్లపెట్టె చాలదు. కుటుంబముల పత్రములు, ఉత్తరములు వెదుకవలెను. 1964 లో పుదుచ్చేరి శాసనసభ ఎన్నికలలో యానాంకు ఒక స్థానము దక్కినది. అప్పుడు స్త్రీలు, పురుషులు అందరును ఒకే జాబితాలో నిలిచిరి.