ఎగువన వాన.. ఉపగ్రహంతో వరద అంచనా

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఇక్కడ 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైంది. ఆ నీటిలో అత్యధికం భద్రాచలంలో కురిసిన వాన కాదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఎగువ తెలంగాణలలో కురిసి ప్రాణహిత, ఇంద్రావతి తదితర ఉపనదుల ద్వారా వచ్చి చేరినదే. నీరు స్నానఘట్టాల మెట్లెక్కాక మేల్కొంటే ముంపు గ్రామాలకు మిగిలేది కొద్ది గంటలే. ఎగువన వాన పడుతుండగానే లెక్కించగలిగితే మరికొంత సమయం చిక్కుతుంది. ఉపగ్రహ వర్షపాత సమాచారంతో నదీ ప్రవాహాన్ని అంచనా వేయడంలోని ప్రయోజనం ఇదే.

వర్షమాపకాలు చాలవా?

గోదావరి పరీవాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. వర్షమాపకం తానున్న చోట పడిన వాననే చెబుతుంది. దట్టమైన అడవులు, కొండలున్న ఇంద్రావతి వంటి ప్రాంతాల్లో రెండు మాపకాల నడుమ కుంభవృష్టి కురిసినా లెక్కకు రాకపోవచ్చు. ఉపగ్రహం ఈ ఖాళీలను పూరిస్తుంది.

కొలిచే విధానం

ఉపగ్రహం చినుకులను నేరుగా లెక్కించదు. ఇన్‌శాట్ శ్రేణి ఉపగ్రహాలు మేఘాల పైభాగపు ఉష్ణోగ్రతను గమనిస్తాయి. పైభాగం ఎంత చల్లగా ఉంటే మేఘం అంత ఎత్తుకు పెరిగినట్లు, భారీ వర్షానికి అవకాశం ఉన్నట్లు భావిస్తారు. మైక్రోవేవ్ పరికరాలు మేఘంలోని నీటి బిందువులు, మంచు కణాల ప్రభావాన్ని పసిగడతాయి. 1997లో ప్రయోగించిన టీఆర్‌ఎంఎం ఉపగ్రహం సేవలు 2015లో ముగిశాయి. దానికి కొనసాగింపుగా అమెరికా, జపాన్‌లు 2014లో జీపీఎం ప్రధాన ఉపగ్రహాన్ని ప్రయోగించాయి. పలు ఉపగ్రహాల సమాచారాన్ని దీనితో మేళవించి అరగంటకోసారి, సుమారు 10 కిలోమీటర్ల గడుల వారీగా వర్షపాతాన్ని లెక్కగడుతున్నారు. తొలి అంచనా సుమారు నాలుగు గంటల్లో అందుతుంది.

వాన నుంచి వరద దాకా..

ప్రాణహిత పరీవాహక ప్రాంతం సుమారు 1.09 లక్షల చదరపు కిలోమీటర్లు. అంతటా 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ నీటి పరిమాణం దాదాపు 190 టీఎంసీలు. అయితే అదంతా నదికి చేరదు. జూన్‌లో ఎండిన నేల చాలావరకు పీల్చుకుంటుంది. ఆగస్టులో నేల తడిసి ఉన్నందున అదే వానకు ఎక్కువ వరద వస్తుంది. అందుకే నేల స్వభావం, వాలు, అడవులు, పంటలు, అంతకుముందు కురిసిన వాన.. వీటన్నింటినీ కంప్యూటర్ నమూనాలో పొందుపరుస్తారు. ప్రతి గడి నుంచి వచ్చే నీరు వాగులు, ఉపనదుల గుండా ఎప్పుడు, ఎంత చేరుతుందో లెక్కిస్తారు. గత వరదల్లో నమోదైన ప్రవాహంతో పోల్చి నమూనాను సరిదిద్దుతారు.

పొరపాట్లకూ ఆస్కారం

చల్లని పలుచటి మేఘాలను చూసి లేని వానను ఉన్నట్లు చూపే అవకాశం ఉంది. కొండలపై తక్కువ ఎత్తు మేఘాల నుంచి కురిసే భారీ వర్షాన్ని తక్కువగా అంచనా వేయవచ్చు. వర్షపాతంలోని చిన్న తప్పు వరద లెక్కలో పెద్దదవుతుంది. ఉదాహరణకు 100 మిల్లీమీటర్ల వానలో నేల 60 మిల్లీమీటర్లు పీల్చుకుంటే నదికి చేరేది 40. వానను 80గా లెక్కిస్తే మిగిలేది 20 మాత్రమే. అంటే వరద అంచనా సగానికి పడిపోతుంది. జలాశయాల గేట్లు ఎప్పుడు ఎత్తుతారన్నదీ ఉపగ్రహానికి తెలియదు. అందువల్ల నేలపై ఉన్న వర్షమాపకాలు, కేంద్ర జల సంఘం నీటిమట్టాల నమోదు, ప్రాజెక్టుల నీటి విడుదల వివరాలతో సరిచూసుకోవడం తప్పనిసరి.

లంకలకు గంటలే కీలకం

భద్రాచలం దాటాక కూనవరం వద్ద శబరి కలుస్తుంది. రెండింటి వరద ఒకేసారి వస్తే దిగువన ముప్పు పెరుగుతుంది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి, 13 లక్షలకు రెండో, 17 లక్షలకు మూడో హెచ్చరిక ఇస్తారు. కోనసీమ లంక గ్రామాల వారు పశువులను, ధాన్యాన్ని పడవలపై గట్టుకు చేర్చాలంటే పగటి వెలుతురు కావాలి. అర్ధరాత్రి అందాల్సిన హెచ్చరిక మధ్యాహ్నమే అందితే ఆ పని సాధ్యమవుతుంది.