యూనిక్స్ ఎవరి సొత్తు?

ప్రోగ్రాములు రాసి జీతం తీసుకునే నాకు, సమష్టి వేదికమీద పని చెయ్యాలా, కంపెనీ వేదికమీద చెయ్యాలా అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్నగా ఎన్నడూ తోచలేదు. అది శ్రమకూ, శ్రమఫలితం మీద హక్కుకూ సంబంధించిన ప్రశ్న. యూనిక్స్ చరిత్రే ఇందుకు సాక్ష్యం.

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌కు రూపమిచ్చారు. యజమాని ఏటీ అండ్ టీ టెలిఫోను కంపెనీ. 1956 నాటి కోర్టు ఒప్పందం ఆ కంపెనీని ఇతర వ్యాపారాల్లోకి రానివ్వలేదు. కనుకనే విశ్వవిద్యాలయాలకు యూనిక్స్ నామమాత్రపు రుసుముకు, సోర్స్ కోడ్‌తో సహా అందింది. ఇది ఔదార్యం కాదు; చట్టం వేసిన కళ్ళెం. బర్క్‌లీలో విద్యార్థులూ పరిశోధకులూ దాన్ని చదివారు, సరిదిద్దారు, పెంచారు.

కాని 1979 నాటి ఏడవ కూర్పు లైసెన్సు ఆ కోడ్‌ను తరగతిలో పాఠంగా చెప్పడాన్నే నిషేధించింది. 1984లో కంపెనీ విభజనతో కళ్ళెం తొలగింది; యూనిక్స్ పూర్తిగా సరుకైంది. 1992లో దాని అనుబంధ సంస్థ బర్క్‌లీ కోడ్ మీద దావా వేసింది. 1994లో రాజీ కుదిరేనాటికి తేలిందేమిటి? సుమారు 18,000 ఫైళ్ళలో తొలగించవలసి వచ్చినవి మూడు! మరో 70 ఫైళ్ళకు కంపెనీ హక్కు ప్రకటన తగిలించారు. మిగిలినదాని మీద సైతం అంతకాలం దావా నీడ పడింది.

ఈ అనుభవం నడుస్తుండగానే రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించి, 1989లో జీపీఎల్ లైసెన్సు తెచ్చాడు. తీసుకున్నవాడు మార్చి పంచితే అదే హక్కుతో పంచాలి — ఇదీ దాని సారం. 1991లో మొదలైన లైనక్స్ మరుసటేడు ఈ లైసెన్సు కిందికి వచ్చింది.

అయితే "సమష్టి" అనే మాట ఒక్కటే రక్ష కాదు. ఎందరో చేతులు వేసిన రెడిస్ లైసెన్సును 2024లో దాన్ని నడిపే కంపెనీ బిగించింది. కొద్దిరోజుల్లోనే పాత కోడ్ మీద వాల్కీ పుట్టింది. 2025లో ఆ కంపెనీ మళ్ళీ స్వేచ్ఛా లైసెన్సును ఒక ఎంపికగా ఇవ్వవలసి వచ్చింది. విడిపోయే హక్కు ఉండబట్టే అది సాధ్యమైంది.

కంపెనీ వేదిక జీతమిస్తుంది, సమష్టి వేదిక చాలాసార్లు ఉచితశ్రమ అడుగుతుంది. ఈ వైరుధ్యాన్ని దాచడం నిజాయితీ కాదు. అయినా నేను ఎంచుకునే ముందు అడిగేది ఒక్కటే: రేపు యజమాని మనసు మార్చుకుంటే, నేను రాసింది తీసుకుని బయటికి నడిచే దారి ఉందా? లేనిచోట నేను అద్దెకున్నవాణ్ణే.