చుక్క పక్కన చుక్క

మనకు ముగ్గులో పెట్టేదీ చుక్కే, ఆకాశంలో మెరిసేదీ చుక్కే. కంప్యూటరువాళ్లకు మాత్రం చుక్క వేరు, నక్షత్రం వేరు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే వాళ్ల వెతుకులాట భాషలో ఈ రెంటికీ చాలా పనుంది.

అసలది వెతకడానికి పుట్టిందే కాదు. 1943లో అమెరికాలో మెక్‌కలక్, పిట్స్ అనే ఇద్దరు మెదడులోని నాడీకణాల పనితీరును తర్కంలోకి దించారు. అలాంటి నాడుల అల్లిక ఏయే వరసల్ని గుర్తుపట్టగలదో చెప్పడానికి 1951లో స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త ఒక రాతపద్ధతి కట్టాడు. నక్షత్రం ఆయన పెట్టిందే. 'రెగ్యులర్' అన్న పేరు మాత్రం ఆయనకే ఆనలేదు కాబోలు, ఇంతకన్న మంచి పేరుంటే చెప్పండని వ్యాసంలోనే అడిగాడు. ఏం లాభం, అదే ఉండిపోయింది!

1968లో కెన్ థాంప్సన్ దీన్ని కంప్యూటరులో మాటలు వెతికే పనికి మలిచి చూపించాడు. ఆ తరవాతి కథ నాకు మరీ ఇష్టం. బెల్ ల్యాబ్స్‌లో ఆయన తోటి ఉద్యోగి లీ మెక్‌మహన్, ఫెడరలిస్ట్ వ్యాసాల వెంట పడ్డాడు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 88లలో ముగ్గురు ఒకే కలంపేరుతో రాసిన 85 వ్యాసాలవి. కొన్నింటిని ఎవరు రాశారన్నది తగువు. మాటల వాడకాన్నిబట్టి ఆరా తియ్యాలని మెక్‌మహన్ తాపత్రయం. అంత రాత అప్పటి ఎడిటరులో పట్టదాయె! థాంప్సన్ అందులోని వెతికే పనిని విడిగా తీసి, మర్నాటికల్లా ఆయన చేతిలో పెట్టాడు. అదే గ్రెప్. 1973కల్లా యూనిక్స్‌లో చేరిపోయింది.

ఇంతకీ చుక్కంటే ఏదో ఒక అక్షరం. నక్షత్రం పెడితే, దాని ముందున్నది ఎన్నిసార్లయినా రావచ్చు, రాకపోయినా సరే. అంతే, మనకు ఇది చాలు.

మా పుట్టింటి వంశవృక్షాన్ని కోడలు కంప్యూటరులో ఎక్కించింది. మగవాళ్ల పేర్లు ఏడు తరాలదాకా పొల్లు పోకుండా ఉన్నాయి. ఆడవాళ్లవేమో రాసినవాడి చిత్తం! మా ముత్తవ్వ ఒకచోట సుబ్బమ్మ, ఒకచోట సుబ్బాయమ్మ. అన్ని కాగితాల్లో ఎలా ఏరతాం? 'సుబ్బ' అని కొట్టి, పక్కన చుక్క, దాని పక్కన నక్షత్రం, చివర 'మ్మ' పెట్టమన్నాను. ఆ రెండు పేర్లతోబాటు, ఎవరం ఎన్నడూ వినని సుబ్బలక్ష్మమ్మ కూడా తెరమీదికొచ్చింది.

ఆవిడెవరో యంత్రం చెప్పదుగా. తొంభై దాటిన మా పిన్నిని అడిగాం. సుబ్బమ్మా, సుబ్బాయమ్మా ఒక్కరేనట. సుబ్బలక్ష్మమ్మ ఆవిడ తోడికోడలట.