అనొరెక్సియా: రక్త పరీక్షలో కనిపించేదేమిటి, కనిపించనిదేమిటి?

తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు సూరత్‌లో చాలానే ఉన్నాయి. ఆ నగరం ఉన్న దక్షిణ గుజరాత్‌లో రక్తహీనత అనగానే ఐరన్ లోపం, ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధి గుర్తుకొస్తాయి. అయితే బాగా చిక్కిపోయిన టీనేజర్‌కు హిమోగ్లోబిన్‌తోపాటు తెల్ల రక్తకణాలూ తగ్గితే మరో కారణాన్నీ అనుమానించాలి. అదే అనొరెక్సియా నెర్వోసా.

లావైపోతామన్న తీవ్ర భయంతో తిండి తగ్గించుకుంటూ పోయే మానసిక వ్యాధి ఇది. లండన్ వైద్యుడు విలియం గల్ 1873లో దీనికి ఈ పేరు పెట్టారు. అమ్మాయిల్లోనే ఎక్కువైనా అబ్బాయిలకూ వస్తుంది.

మజ్జలో ఏం జరుగుతుంది?

రక్తకణాలు తయారయ్యేది ఎముక మజ్జలో. ఆకలి తీవ్రమైతే మజ్జలోని కొవ్వు కరిగి, ఆ చోట జిగురులాంటి పదార్థం చేరుతుంది. కణాల తయారీ మందగిస్తుంది. రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి రక్తహీనత, ఇంచుమించు అంతేమందికి తెల్లకణాల తగ్గుదల ఉంటాయి. ప్లేట్‌లెట్లు తగ్గేది కొద్దిమందికే.

చాలామందిలో ఫెరిటిన్ సాధారణంగానో, ఎక్కువగానో ఉంటుంది. అంటే లోపం ఐరన్‌ది కాదు. అలాంటప్పుడు ఐరన్ మాత్రలతో ఫలితం ఉండదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి హిమోగ్లోబిన్ మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి రిపోర్టు బాగుందంటే జబ్బు లేదని కాదు.

జ్వరం రాకపోవచ్చు

తెల్లకణాలు తగ్గినా, వీరికి జలుబు వంటి వైరల్ జబ్బులు తరచూ వస్తాయనేమీ లేదు. అసలు ప్రమాదం బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లతో. శరీర ఉష్ణోగ్రత ముందే తక్కువగా ఉండటంతో న్యుమోనియా వచ్చినా జ్వరం కనిపించకపోవచ్చు. ‘జ్వరం లేదు కదా’ అని ఊరుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది.

తిండే మందు, కానీ జాగ్రత్తగా

తగిన పోషణ అందితే మజ్జ కోలుకుంటుంది, కణాల సంఖ్య మళ్లీ పెరుగుతుంది. అయితే తీవ్రంగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా ఎక్కువ తినిపించకూడదు. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకు, రక్తకణాలకు ముప్పు వస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలోనే ఆహారం పెంచాలి.

దీంతోపాటు మానసిక చికిత్సా అవసరం. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.